ఎదుటి డబ్బాలో కూర్చున్న పిల్ల

కరీంనగర్,
నవంబర్ 18.

అబ్బాకు సలాం.

ఈ ఉదయం స్కూలు లైబ్రరీ తెరవడానికి వెళ్తూ పార్కు గోడ దగ్గర ఆగాను. జెయింట్ వీల్ నిలబడిన చోట నాలుగు సిమెంటు దిమ్మెలు మిగిలాయి కదా, వాటిలో ఒకదాని మీద గోధుమరంగు కుక్క కాళ్ళు చాపి పడుకుంది. ఎండ సరిగ్గా దాని మీదే పడుతోంది. నాకు తెలిసి ఆ దిమ్మె మీద పొద్దుటి పూట ఎప్పుడూ ఎండ పడలేదు. చక్రం నీడ ఉండేది.

ఉత్తరమెందుకు అంటారేమో. ఫోన్లో నేనేమడిగినా మీరు "ఆఁ, ఆఁ, మంచిదే" అంటున్నారు. మొన్న అమ్మీ ఉల్లిగడ్డలు అయిపోయాయని చెబితే "అల్లా దయ, నేను సుత మంచిగనే ఉన్న" అన్నారట. అమ్మీ ఫోను పక్కన పెట్టి, "ముప్పై ఏండ్ల సంది నా మాట వినలే. ఇప్పుడు చెవులు సుత ఆయన దిక్కే పోయినయ్" అంది. నవ్వుతూనే అంది. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అయినా, మీకు రాయడం వచ్చింది బడిలో నేర్చిన తెలుగే కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను.

మీరు చక్రంతో పాటు వెళ్ళిపోయి నెల దాటింది. పార్కులో ఇప్పుడేమీ లేదు. ఊగే పడవను ఎవరో లారీలో తీసుకుపోయారు. పెడల్ బోట్ల కొలను ఎండబెట్టారు. రంగులరాట్నం గుర్రాలు మూడు గేటు వెనక గోడకు ఆనించి ఉన్నాయి. మూడింటి మొహాలూ గోడవైపే.

దశరథం గారు చక్రాన్ని కొన్న రోజు, "చక్రం ఒక్కటి తీస్కపోయి నేనేం జేస్త? దాంతోని జబ్బార్ భాయ్ సుత రావాలె" అన్నారని మీరు ఇంటికొచ్చి ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. అన్నం తింటూ చెప్పారు, చేతులు కడుక్కుంటూ చెప్పారు. అందుకే నేను వెళ్ళొద్దని అనలేదు.

ఆదిలాబాద్‌లో చలి ఎలా ఉంది? చెవి మిషన్ పెట్టుకుంటున్నారా?

మీ
ఇఖ్రా


ఆదిలాబాద్,
నవంబర్ 27.

బేటీ ఇఖ్రాకు అబ్బా దుఆలు.

నీ ఉత్తరం అందింది. నువ్వు ముత్యాల లెక్క రాస్తవు. నా రాత చూసి నవ్వకు. ఏడో తరగతి తర్వాత నేను పెన్ను పట్టింది తక్కువ, పాన పట్టింది ఎక్కువ.

మన చక్రం లేచి నిలబడ్డది. పదకొండు దినాలు పట్టింది. పన్నెండు డబ్బాలు నా చేతులతోనే తగిలించిన. దశరథం సేటు దానికి గులాబి రంగు, ఆకుపచ్చ రంగు కొట్టిచ్చిండు. "సేట్, పెండ్లిపిల్లగాని తాతకు షేర్వానీ తొడిగినట్టున్నది" అన్న. మస్తు నవ్విండు. మంచి మనిషి. ఊరి బయట జాగ చదును జేసి పార్కు పెట్టిండు. చిన్న పిల్లల రైలు, గాలి బొమ్మలు, ఊగే బల్లలు ఉన్నయ్. గని జనం వచ్చేది మన చక్రానికే.

టికెట్ల కిటికీల మమతారాణి అని ఒకామె కూసుంటది. నోరు పెద్దది, మనసు సాఫ్. మొదటి దినమే "భాయ్, నీ చక్రం మీదికెల్లి మహారాష్ట్ర కనవడ్తదా" అని అడిగింది. "కనవడ్తది. వాళ్లకు సుత నువ్వు కనవడ్తవు, గా పూల చీర కట్టకు" అన్న. అప్పటిసంది పొద్దుగాల చాయ్ నాకు ఆమెనే పంపుతది.

గీడ జనం మాటల సగం మరాఠీ ఉంటది. మొన్న జైనూర్ దిక్కుకెల్లి ఒక ఊరు ఊరంత ట్రాక్టర్ల వచ్చింది. ఆడోళ్లు ఎక్కి కండ్లు మూసుకున్నరు, దిగేదాక తెరువలే. దిగినంక "మంచిగుండె" అన్నరు. ఏం జూసిన్రని మంచిగుండె, నాకు సమజ్ కాలే.

చలి మస్తుంది. పొద్దున హ్యాండిల్ పడితే చెయ్యి అతుక్కుంటది. మీ అమ్మీని ఫికర్ చెయ్యొద్దని చెప్పు. చెవి మిషన్ మంచిగనే ఉన్నది.

మీ అబ్బా
జబ్బార్


కరీంనగర్,
డిసెంబర్ 12.

అబ్బాకు సలాం.

ఈ రోజు మూడో తరగతి పిల్ల ఒకతి లైబ్రరీ పుస్తకాన్ని తడిపి తెచ్చింది. అట్ట ఉబ్బిపోయింది. నా బల్ల ముందు నిలబడి తన బూట్ల వైపు చూస్తోంది. ఎలా తడిసిందని నేను అడగలేదు. కిటికీలో ఆరబెట్టి పంపించేశాను.

నేను కాన్వెంటులో ఆరో తరగతి చదివేటప్పుడు నా పుస్తకం చక్రం పైనుంచి జారి పెడల్ బోట్ల కొలనులో పడింది. మీకు గుర్తుందా? మీరు ప్యాంటు మడిచి కొలనులో దిగి తీశారు. మర్నాడు సిస్టర్ అడిగారు, ఎలా తడిసింది అని. నీళ్ళలో పడింది అన్నాను. ఎక్కడినుంచి పడింది అన్నారు. పైనుంచి సిస్టర్, చక్రం మీద చదువుకుంటున్నాను అన్నాను. క్లాసంతా నవ్వింది. అబద్ధాలాడకు అన్నారు సిస్టర్. ఆ తర్వాత క్లాసులో నేనుగా నోరు తెరిచిన గుర్తు లేదు.

కానీ అది నిజమే కదా. మధ్యాహ్నాలు జనం పల్చగా ఉన్నప్పుడు ఒక్క కుటుంబమే వచ్చి ఎక్కేది. "ఒక పక్క బరువు, ఇంకో పక్క ఖాళీ ఉంటే ఎక్కేటప్పుడు ఇంజను ఏడుస్తది, దిగేటప్పుడు చక్రం ఉరుకుతది" అనేవారు మీరు. అప్పుడు వాళ్ళకు సరిగ్గా ఎదుటి డబ్బాలో నన్ను కూర్చోబెట్టేవారు, స్కూలు యూనిఫాంలోనే. ఇసుక బస్తా పెట్టొచ్చు కదా అని ఎవరో అంటే, "బస్తాను నేను మొయ్యాలె. గీమె తనంతట తనే మెట్లెక్కి వస్తది" అన్నారు.

ఒక్కో రౌండుకు ఒక్కో పేజీ. పైకి వెళ్ళినప్పుడు వెలుతురు ఎక్కువ, కిందికి వచ్చేటప్పుడు డీజిల్ వాసన. పేజీ తిప్పే సమయానికి మీ తల కనిపించేది. మీరు పైకి చూసేవారు కాదు. తల కొంచెం పక్కకు వంచి వినేవారు.

ఎన్ని రకాల అరుపులుంటాయో చెప్పింది మీరే. సరదా అరుపు పైకి పోతూ సన్నబడుతుంది. భయం అరుపు మధ్యలో తెగుతుంది. ఆపమనే అరుపులో ఎవరిదో ఒకరి పేరుంటుంది. చక్రం తిప్పేవాడి పేరు ఆ భయంలో ఎవరికీ గుర్తురాదు కాబట్టి వాళ్ళమ్మనో మొగుణ్ణో పిలుస్తారు. నలభై మంది అరుస్తున్నా మూడో రకం అరుపు వినబడగానే మీ చెయ్యి హ్యాండిల్ మీదికి వెళ్ళేది. అలా ఆపినప్పుడు నేను పైన ఆగిపోయేదాన్ని. ఎవరో ఏడుస్తూ దిగిపోయేవారు. నేను ఇంకో పేజీ చదివేదాన్ని.

మీరు "మిషన్ మంచిగనే ఉన్నది" అని రాశారు. పెట్టుకుంటున్నానని రాయలేదు.

అమ్మీ మీకు ఉన్ని టోపీ పంపుతోంది. మీ చెవులు మూయకుండా అల్లమని నేను చెప్పాను.

మీ
ఇఖ్రా


ఆదిలాబాద్,
జనవరి 4.

బేటీకి దుఆలు.

టోపీ అందింది. చెవులు మూస్తున్నది గని మీ అమ్మీని తిడ్తవని నీకు చెప్పొద్దనుకున్న, చెప్పేసిన.

గా పుస్తకం సంగతి నాకు యాదికున్నది. కొలనుల నీళ్లు నా నడుముదాక వచ్చినయ్, మోకాళ్లదాక కాదు. నువ్వు పైన డబ్బాల కూసోని "ఎడమ దిక్కు, అబ్బా, ఎడమ దిక్కు" అని చెయ్యి చూపిస్తున్నవ్. బోట్ల తిరిగేటోళ్లు నేను చేపలు పడ్తున్న అనుకున్నరు.

గీడ కొత్త సంవత్సరం నాడు జనం జాతర తీర్గ వచ్చిన్రు. పొద్దున తొమ్మిదికి ఎక్కించుడు షురూ జేస్తే పొద్దుమూకేదాక కూసోలే. ఒక తమాష చెప్త. భైంసా నుంచి ఒక కుటుంబం వచ్చింది. ముసలామె, ఆమె మనుమరాలు నాలుగో డబ్బాల ఎక్కిన్రు. చక్రం తిరుగుతుంటే ముసలామె నోరంత తెరిచి కేకలు, తల ఇటు అటు ఊపుడు. మస్తు ఖుషీల ఉన్నదనుకున్న. పండుగ రోజు కద, అడగకుండనే రెండు రౌండ్లు ఎక్కువ తిప్పిన. దిగినంక ఆమె నా రెండు చేతులు గట్టిగ పట్టుకొని ఏందేందో అన్నది. దుఆ ఇస్తున్నదని నేను సలాం జేసిన. అటెన్క మమతారాణి వచ్చి "భాయ్, ఆమె నీ ఏడు తరాలను తిట్టింది, నువ్వు దండం పెడ్తున్నవ్" అన్నది. డబ్బా ముందర గొలుసు కొక్కెం ఊడిందంట. మరాఠీల తిట్టింది, నాకేం సమజైతది చెప్పు.

ఎవ్వరికి ఏం కాలే. కొక్కెం నేనే కొత్తది వేసిన. ఎప్పుడన్న గిట్లయితే మమతారాణి కిటికీల నుంచి ఎర్ర తువ్వాల ఊపుతది, నేను ఆపుత. మాకు అట్ల ఒప్పందమున్నది. గానాడు టికెట్లకు లైను పెద్దగుండె, ఆమె చూడలే. గంతే.

నువ్వు పరేషాన్ కాకు. స్కూల్ల పిల్లలు పుస్తకాలు చదువుతున్నరా?

మీ అబ్బా


కరీంనగర్,
జనవరి 9.

అబ్బాకు.

మీ ఉత్తరం అమ్మీకి చదివి వినిపించలేదు. టోపీ అందిందని మాత్రం చెప్పాను.

ఆమె మీ చేతులు పట్టుకున్నది దుఆ ఇవ్వడానికి కాదు. మీరు మళ్ళీ హ్యాండిల్ పట్టుకోకూడదని. ఒక చేత్తో పిల్లను, ఒక చేత్తో కడ్డీని పట్టుకుని ఆమె మామూలు రౌండ్లన్నీ తిరిగింది. మీరు ఇంకో రెండు ఇచ్చారు. ఆమె తిట్టింది మరాఠీలో కాబట్టి మీకు అర్థం కాలేదని రాశారు. పైనుంచి ఆమె అరిచింది కూడా మరాఠీలోనేనా?

గొలుసు ఊడటం ఏ చక్రానికైనా జరుగుతుంది. ఆ అరుపు వినబడకపోవడం మీకు ఎప్పుడూ జరగలేదు.

పార్కు మూసేయడానికి ముందు మీ చెవులు పరీక్ష చేయించాం కదా. ఆ రిపోర్టు పోయిందని చెప్పాను. పోలేదు, నా దగ్గరే ఉంది. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవికి ఎదురుగా కూర్చుని మాట్లాడితేనే వినబడుతుంది. ఇంజను పక్కన ముప్పై ఏళ్ళు నిలబడితే ఇలాగే అవుతుందని, ఇక పెరగదని, తగ్గదని డాక్టరు చెప్పారు. మీరు బయట వరండాలో ఉన్నారు. నాకే చెప్పారు.

దశరథం గారికి తెలియదు. ఆయనకు మీరే చెప్పాలి. ఈ నెలాఖరులోగా చెప్పండి.

ఇఖ్రా


ఆదిలాబాద్,
జనవరి 20.

ఇఖ్రాకు.

నీ ఉత్తరం చదివి మూడు దినాలు కోపం మీద ఉన్న. గందుకే లేటు.

రిపోర్టు లేకుంటె నాకు తెల్వదనుకున్నవా? నా చెవులు నాకు తెల్వయా? ముప్పై ఏండ్లు తిప్పిన. ఒక్కరికి గోరంత గీత పడలే. పెండ్లయి వచ్చినోళ్లు పిల్లలతోని వచ్చిన్రు, ఆ పిల్లలు వాళ్ల పిల్లలతోని వచ్చిన్రు. ఒక్కరికి. నువ్వు నాకు నెలాఖరు అని తారీఖు పెడ్తవా?

చెవి మిషన్ ఇంజను కాడ పెడితే లారీ వచ్చి తలకాయల దూరినట్టయితది. ఒక్క దినం పెట్టిన, కండ్లు తిరిగి కింద కూసున్న. గందుకే డబ్బిల పెట్టిన. పొద్దుగాల బేరింగుల మీద అరచెయ్యి పెడ్త. ఏ బేరింగు ఏడుస్తుందో చెయ్యి చెప్తది. చెవి పోతే చెయ్యి ఉన్నది, కండ్లున్నయ్.

సేటుకు చెప్తె ఏమైతది? మంచోడే, గని ఇంటికి పొమ్మంటడు. ఎవడన్న పోరగాన్ని తెచ్చి పెడ్తడు. వానికి బరువులు తెలుస్తయా? మనిషిని చూసి ఇంతుంటడని చెప్పుడు తెలుస్తదా? ఇంటికొచ్చి నేనేం జెయ్యాలె? గా కుక్క పక్కన ఇంకో దిమ్మె మీద పండుకోవాన్నా? కరీంనగర్ల నన్ను జబ్బార్ అంటె ఎవ్వరు గుర్తుపట్టరు. చక్రం జబ్బార్ అంటె గుర్తుపడ్తరు.

ఇంకో మాట. నీకు ఎన్నడు చెప్పలే. ఎదుటి డబ్బాల బరువు కోసం నిన్ను కూసోబెట్టిన అనుకుంటున్నవ్. ఆరో తరగతిల నువ్వు ఇరవై అయిదు కిలోలు లేవు బేటీ. ఇటు నలుగురు పెద్దమనుషులుంటే అటు నీ బరువుతోని చక్రానికి ఏమైతది? గా పుస్తకం పడకముందుసంది స్కూల్ల నవ్వుతున్నరని నువ్వు ఇంటికి పోకుండ టికెట్ల రూం వెనక కూసుంటుంటివి. ఎవరన్న పలకరిస్తే ఏడుపు మొహం పెడ్తుంటివి. పైన ఎవ్వరు పలకరియ్యరని ఎక్కించిన. నువ్వు చదువుకున్నన్ని రోజులు నేను చక్రాన్ని మెల్లగ తిప్పిన. ఇంజను ఏడ్సింది. ఏడ్వనీ అనుకున్న.

అంత పైలంగ చూసుకున్నోన్ని. ఇంకొకరి పిల్లను పడగొడ్తనా?

నువ్వు సేటుకు ఏం రాయకు. నా మీద ఒట్టు.

మీ అబ్బా


కరీంనగర్,
ఫిబ్రవరి 11.

అబ్బాకు సలాం.

ఇరవై అయిదు కిలోల మాట చాలాసార్లు చదివాను.

దశరథం గారికి నేను ఉత్తరం రాయలేదు.

మొన్న ఆదివారం మెట్‌పల్లిలో మా స్కూలు టీచరు పెళ్ళని అమ్మీకి చెప్పి, తెల్లవారుజామున మొదటి బస్సెక్కాను. బస్సు మెట్‌పల్లి దాటి, నిర్మల్ దాటి, పదకొండు గంటలకు ఆదిలాబాద్ చేరింది. అమ్మీ బురఖా వేసుకున్నాను. మొహం మీద నఖాబ్ దించుకున్నాను. నేను ఎప్పుడూ నఖాబ్ వేసుకోను కాబట్టి మీరు గుర్తుపట్టరని అనుకున్నాను.

మమతారాణి గారి దగ్గర టికెట్టు తీసుకున్నాను. ఆ రోజు కూడా పూల చీరే కట్టుకున్నారు. "ఒక్కదానివేనా చెల్లె? జర గట్టిగ పట్టుకో" అన్నారు. మీరు లైనులో ముందు నా చెప్పులు చూశారు, తర్వాత భుజాలు చూశారు. ఏడో డబ్బా అని చూపించారు. గొలుసు తగిలించి రెండుసార్లు లాగి చూశారు. మీ చెయ్యి నా మోకాలికి జానెడు దూరంలో ఉంది. గోళ్ళలో గ్రీజు అలాగే ఉంది. మీరు నన్ను చూడలేదు. నా బరువు చూశారు.

మొదటి మూడు రౌండ్లు నేను వచ్చిన పని మరిచిపోయాను. గులాబి రంగు అంత చెడ్డగా ఏమీ లేదు. పైనుంచి పత్తి లారీలు, దూరంగా గుట్టలు కనిపించాయి. చక్రం అదే చప్పుడు చేస్తోంది. ఏడో డబ్బా పైకి రాగానే కిర్రుమనేది కదా, ఇప్పటికీ అంటోంది. చేతిలో పుస్తకం లేకపోవడం ఒక్కటే లోటు.

నాలుగో రౌండులో పిలిచాను. మొదటిసారి నా గొంతు నాకే వినబడలేదు. రెండోసారి నఖాబ్ ఎత్తి పిలిచాను. "అబ్బా, రోకో" అన్నాను. తర్వాత నేనెప్పుడూ అరవనంత గట్టిగా అరిచాను. ముందు డబ్బాలో కాలేజీ అమ్మాయిలు ముగ్గురు వెనక్కి తిరిగి చూశారు. అందులో ఒకమ్మాయి కిందికి వంగి, "ఓ కాకా! అక్క భయపడ్తున్నది, ఆపు! ఓ కాకా!" అని తనూ అరిచింది. ఆ అరుపు మూడో రకానిదని నలభై మందిలో ఎవరైనా చెప్పగలరు. మమతారాణి గారు చిల్లర ఇస్తూ అటు తిరిగి ఉన్నారు.

మీరు పైకి చూశారు. ఎండ మీ కళ్ళలో పడుతోంది. నవ్వి, చెయ్యి ఊపారు.

నఖాబ్ మళ్ళీ దించుకున్నాను. దిగేటప్పుడు నా మోచెయ్యి పట్టుకుని దించారు. నేను రెండో చేత్తో కడ్డీని ఇంకా వదల్లేదు. మీరు అన్నారు: "భయమైందా బిడ్డా? ఏం గాదు. మొదటిసారి గట్లనే ఉంటది."

నేను తలూపి బయటికి వచ్చాను.

మీ
ఇఖ్రా


ఆదిలాబాద్,
ఫిబ్రవరి 24.

బేటీ ఇఖ్రాకు.

గానాడు ఏడో డబ్బాల కూసున్న పిల్ల నాకు యాదికున్నది. నలభై రెండు కిలోలు అనుకున్న. నువ్వు దసరప్పుడు నలభై ఏడు ఉండెటిదానివి. చిక్కిపోయినవ్. అన్నం సక్కగ తింటలేవా?

నీ ఉత్తరం గురువారం వచ్చింది. అంతకుముందు నేను మస్తు చిడచిడ మీద ఉన్న. ఎందుకంటె సోమవారం పొద్దున సేటు దేవదాస్ అనే మనిషిని పంపిండు. నలభై ఏండ్లుంటయ్, ట్రాక్టర్లు నడిపిండంట. "జబ్బార్ భాయ్, గీయన నీ కాడ పని నేర్సుకుంటడు, ఇంజను కాడనే నిలవెట్టుకో" అన్నడు. గా దేవదాస్ నా పక్కకెల్లి కదలడు. చాయ్ తాగవోయి అంటె పోడు. నాలుగు దినాలల రెండుసార్లు నేను చూడకముందే బ్రేకు మీద చెయ్యేసిండు. "చక్రం నాదా నీదా" అని లొల్లి పెట్టుకున్న.

నీ ఉత్తరం ఇంజను వెనక కూసోని చదివిన. ఒకసారి చదివి మడిచిన. మళ్ల తీసి చదివిన. అటెన్క దేవదాస్‌ను పిలిచి అడిగిన, "నువ్వు గా రెండుసార్లు ఎందుకు ఆపినవ్?" అని. "పిలిచిన్రు గద కాకా" అన్నడు. "ఎవరు?" అన్న. "ఒకసారి ఒక పిల్ల వాళ్లమ్మను పిలిచింది. ఇంకోసారి ఒకాయన, పెండ్లాం సొమ్మసిల్లిందని పిలిచిండు" అన్నడు. రెండుసార్లు నేను గాడనే ఉన్న. దేవదాస్ ఎంత దూరముండెనో అంతే దూరం.

తెల్లారి సేటు ఇంటికి పోయిన. గుమ్మంల నిలవడి చెప్పిన. "సేట్, నాకు ఇనవడ్తలేదు. వచ్చినప్పటిసంది ఇనవడ్తలేదు. దాచిపెట్టిన" అన్న. ఆయన లేచి నా ఎడమ దిక్కుకు వచ్చిండు. "అట్లనా జబ్బార్ భాయ్. కూసో, చాయ్ తాగు" అన్నడు. కోపం జెయ్యలే. చాయ్ తాగినంక, "హ్యాండిల్ దేవదాస్‌కు ఇయ్యి. మనుషులను కూసోబెట్టుడు నీదే, గొలుసులు నీవే, పొద్దున చెయ్యి పెట్టి చూసుడు నీదే. నువ్వు సరే అంటేనే చక్రం తిరుగుతది" అన్నడు. ఇంటికి పొమ్మనలే.

హ్యాండిల్ ఇచ్చేసిన. మొదటి దినం జనం దిగుతున్నప్పుడల్ల నా కుడి చెయ్యి దానంతట అదే లేస్తుండె. మమతారాణి చూసి, "భాయ్, ట్రాఫిక్ పోలీసు పని దొరికిందా" అన్నది. నవ్విన. అటెన్క డబ్బాల వెనకకు పోయి కొద్దిసేపు నిలవడ్డ.

ఇప్పుడు ఇంజనుకు దూరంగ ఉంటున్న గనుక మిషన్ పెట్టిన. నిన్న గేటు కాడ ఒక పిల్ల పీక ఊదితె ఇనవడ్డది.

నీ మీద కోపం లేదు. ఒక్కటే సంతోషం. ఎవ్వరు చెప్పకముందే నేనే పోయి చెప్పిన. ఆ ఇజ్జత్ నాకు మిగిలింది.

మీ అబ్బా


కరీంనగర్,
మార్చి 4.

అబ్బాకు సలాం.

ఇవాళ రంజాన్ మూడో రోజా. తెల్లవారకముందే సహరీకి అమ్మీ రొట్టెలు చేస్తూ మీ ఉత్తరం మళ్ళీ చదవమంది. ఈసారి మొత్తం చదివాను, మెట్‌పల్లి పెళ్ళి అబద్ధమని కూడా చెప్పేశాను. అమ్మీ అట్లకాడ ఎత్తింది. "నా బురఖాకు గ్రీజు మరక ఎక్కడిదా అని నెల నుంచి రుద్దుతున్న. అబ్బా బిడ్డలిద్దరు దొంగలే" అంది. తర్వాత నాకు ఒక రొట్టె ఎక్కువ వేసింది, నలభై రెండు కిలోల మాట విని.

పండుగకు మీరు వస్తారు కదా. వచ్చేటప్పుడు మిషన్ డబ్బిలో కాకుండా చెవికి పెట్టుకుని రండి. అమ్మీ మీకు చెప్పాల్సిన మాటలు ముప్పై ఏళ్ళవి ఉన్నాయట.

రంగులరాట్నం గుర్రాల్లో ఒకదాన్ని మా స్కూలు వాళ్ళు అడిగి తెచ్చుకున్నారు. లైబ్రరీ బయట వరండాలో పెట్టారు. చెవి ఒకటి విరిగింది. నిన్న మధ్యాహ్నం తలుపు తీసేసరికి మూడో తరగతి పిల్ల దాని మీద కూర్చుని చదువుకుంటోంది. గంట కొట్టినా దిగలేదు. నేనూ దిగమనలేదు.

మీ ఉత్తరంలో చివరి మాటలు చదివినప్పటి నుంచి ఒక సంగతి నన్ను నిలవనివ్వడం లేదు. అది మీకు చెప్పకుండా ఉంచితే మీకు సంతోషంగా ఉంటుందని తెలుసు. కానీ దాచిపెట్టుకుని రోజా ఉండటం నా వల్ల కావడం లేదు. మీరు దశరథం గారికి మీ అంతట మీరే చెప్పారు. అందులో అబద్ధమేమీ లేదు. నేను ఆయనకు ఉత్తరం రాయలేదని రాశాను, అదీ నిజమే.

ఆ ఆదివారం పార్కు నుంచి నేను తిన్నగా బస్టాండుకు పోలేదు. దారి అడుగుతూ దశరథం గారింటికి వెళ్ళి, ఇంజను దగ్గర ఇంకో మనిషిని పెట్టమని, మీరు వచ్చి చెప్పేదాకా ఏమీ తెలియనట్టే ఉండమని అడిగి వచ్చాను.

మీ
ఇఖ్రా